అక్కయ్య కార్డుకి జలపాతం ముద్ర

"పెద్ద ఘనకార్యమేం కాదర్రా, ఏదో చిన్న పని," అంటూ స్టాంపుల బాబాయి గొంతు సవరించుకున్నాడంటే చాలు, టీకొట్టు పిన్ని పొయ్యి మీద గిన్నెలో ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు పోసేస్తుంది. బాబాయి నోట చిన్న పనిగా మొదలైంది ఏదీ చిన్న పనిగా ముగిసిన దాఖలా ఆ వీధిలో లేదు.

ఆ మధ్యాహ్నమూ అంతే. ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన కంటికి తగిలించుకున్న భూతద్దాన్ని నుదుటి మీదికి నెట్టుకుని వచ్చి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. దర్జీ మాత్రం కూర్చోలేదు. మెడలో వేలాడే కొలత టేపు రెండు కొసలూ పట్టుకుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగుతూ, గోడకి చేర్చిన నిచ్చెనలా నిలబడ్డాడు. అతనికి కథ అక్కర్లేదు. కార్డు కావాలి.

"కార్డు వచ్చిందా బాబాయ్?"

"అదేగా చెప్పబోతున్నాను. కూర్చో."

"వచ్చిందో లేదో చెబితే కూర్చుంటాను."

"కూర్చుంటేనే చెబుతాను."

దర్జీ కూర్చున్నాడు. బల్ల అంచున, సగమే.

సంగతేమిటంటే, దర్జీ కుట్టుమిషను పైన గోడకి ఒక అద్దాల పటం ఉండేది. అందులో ఒక పిక్చర్ పోస్టుకార్డు. కొండ మీంచి దూకుతున్న జలపాతం బొమ్మ, బొమ్మ వెనక దర్జీ బావగారి చేతిరాతలో నాలుగు వరసల ఉత్తరం. ఆయన వంతెనలు కట్టే కంపెనీలో మేస్త్రీ. జలపాతం దగ్గర పనికి వెళ్ళినప్పుడు కొత్త పెళ్ళాం పేర వేశాడు. ఆ కొత్త పెళ్ళామే దర్జీకి అక్క. ఇప్పుడు ఆవిడకి తలంతా నెరిసింది. బావ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ తమ్ముడి దగ్గరే ఉండి చొక్కాలకి కాజాలు కుడుతుంది. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిందీ ఆవిడే, మిషను తొక్కడం నేర్పిందీ ఆవిడే. పొద్దున్నే మిషను మీద కప్పిన గుడ్డ తీసేముందు ఆ పటాన్ని కొంగుతో ఒకసారి తుడుస్తుంది. ఏమీ అనదు. తుడుస్తుంది, అంతే.

ఆవిడ కూతురి దగ్గర కొన్నాళ్ళుండి వస్తానని వెళ్ళింది. సరిగ్గా అప్పుడే స్టాంపుల బాబాయి ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని దర్జీ కొట్టుకొచ్చి ఆ పటం చూశాడు. చూసి ఊరుకుంటే ఆయన బాబాయెందుకవుతాడు? పటం దించాడు, కార్డు బయటికి లాగాడు, తిప్పాడు, పెదవి విరిచాడు.

"బొమ్మేమో జలపాతం. ముద్రేమో ఏదో రైలు జంక్షన్‌ది. మీ బావ తిరుగుదారిలో ఎక్కడో డబ్బాలో వేశాడన్న మాట. ఒరేయ్, నువ్వు దర్జీవి కదా, ఒకరి చొక్కాకి ఇంకొకరి గుండీలు కుడతావా?"

కుట్టనన్నాడు దర్జీ.

"మరి? చూడదగ్గ చోటున్న ఊళ్ళలో పోస్టాఫీసుల్లో ఆ చోటి బొమ్మతో ఒక గుండ్రటి ముద్ర ఉంటుంది. అడిగినవాళ్ళకే వేస్తారు. కార్డు మీద కొత్త స్టాంపు ఒకటి అంటించి, కవర్లో పెట్టి, 'అయ్యా, తమరి బొమ్మ ముద్ర వేసి తిప్పి పంపండి' అని రెండు ముక్కలు రాస్తే సరి. నా దగ్గరున్న కార్డులన్నీ అలా తెప్పించినవే. ఆ జలపాతం పోస్టుమాస్టరైతే నా చేతిలో మనిషి! మీ అక్క వచ్చేసరికి జలపాతం కార్డు మీద జలపాతం ముద్ర పడి ఉంటుంది. అప్పుడు చూడు ఆవిడ కళ్ళు!"

ఆ ఆఖరి మాట దగ్గర దర్జీ మెత్తబడ్డాడు. అక్క కళ్ళు మెరవడం చూసి చాలా కాలమైంది. ఇచ్చేశాడు. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకుంటూండగానే ఎందుకిచ్చానా అనుకున్నాడు. ఆ రోజు నుంచి అన్నం సయించదు. కాలరు కుట్టబోయి కఫు కుడతాడు. ఖాళీ పటం గోడ మీంచి గుడ్లప్పగించి చూస్తోంటే భరించలేక, పాత క్యాలెండరులో ఇంకో జలపాతం కత్తిరించి పెట్టి చూశాడు. అది ఎవరిదో కట్టుడు పళ్ళసెట్టు మన నోట్లో పెట్టుకున్నట్టుంది. తీసేశాడు. ఇక ఇవాళ సాయంత్రం బస్సుకి అక్క వస్తోంది.

"అయితే వినండి," అన్నాడు బాబాయి, వీధికి వీపు పెట్టి, పొయ్యి వైపు తిరిగి కూర్చుని. "కార్డు క్షేమంగా చేరింది. ఆ పోస్టాఫీసు ఎక్కడుందో తెలుసునా మీకు? జలపాతం పక్కన అనుకుంటున్నారు కదూ? కాదు. వెనకాల! నీటి తెర వెనక, కొండ గుహలో. పోస్టుమాస్టరు ఇంట్లోంచి గొడుగు మూసి తెచ్చుకుంటాడు, ఆఫీసులోకొచ్చాక విప్పుతాడు. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ముద్ర. ముక్కు దురద పెడితే సాయానికి ఇంకో మనిషి రావాల్సిందే."

"ఆ ముక్కు గోకే ఉద్యోగం ఖాళీ ఉంటే చెప్పు, మా బావమరిది ఊరికే ఉన్నాడు," అన్నాడు గడియారాలాయన.

"నవ్వవయ్యా, నవ్వు. ఆ నీటి హోరుకి అక్కడ మాట వినపడదు. తాతల నాటి నుంచీ అరిచి అరిచి వాళ్ళ గొంతులు ఎలా తయారయ్యాయంటే, పోస్టుమాస్టరు 'తరవాతెవరూ!' అని ఒక్క కేక పెడితే బల్ల మీదున్న ముద్ర దానంతటదే ఎగిరి కార్డు మీద పడుతుంది. అంచేత ఆయన చెయ్యి వాడడమే మానేశాడు. అలాంటి మనిషి, నా కవరు విప్పి నా చేతిరాత చూశాడో లేదో, దిగ్గున లేచి నిలబడ్డాడు. నిలబడి ఏం చేశాడో చెప్పుకోండి?"

"ముద్ర వేశాడా?" అన్నాడు దర్జీ.

"ఆఫీసుకి సెలవిచ్చాడు! నా కార్డు వచ్చిన రోజు ఇంకో కార్డు ముట్టుకుంటే చెయ్యి మైలపడుతుందని."

"సెలవిచ్చేస్తే ముద్ర ఎవరేస్తారు బాబాయ్!" దర్జీ టేపు కొస చేతికి చుట్టేసుకున్నాడు.

"తొందరపడకు. మామూలు ముద్రయితే ఎవడైనా వేస్తాడు. ఆయన నా కార్డు కోసం సిరా కొత్తగా కలపబోయాడు. ఏ సిరా? నీళ్ళు పడే చోట ఇంద్రధనుస్సు ఉంటుందే, దాని కొస దాకా గిన్నె పట్టుకెళ్ళి, తక్కిన రంగులన్నీ వదిలేసి ఊదారంగు ఒక్కటే వడకట్టాడు."

"దేంతో వడకట్టాడు అన్నయ్యా?" అంది పిన్ని.

"టీ వడకట్టే గుడ్డతో," అన్నాడు బాబాయి, తొణక్కుండా. "నీ దగ్గరున్నలాంటిదే. కాకపోతే ఉతికింది."

గడియారాలాయన నవ్విన నవ్వుకి భూతద్దం నుదుటి మీంచి జారి ముక్కు మీద పడింది. పిన్ని గరిటె చూపించింది. దర్జీ నవ్వలేదు. అతని కళ్ళు వీధి మలుపు మీదున్నాయి. పోస్టుమాన్ వచ్చే వేళ అది. బాబాయికి తెలీదని కాదు, ఆయనా ప్రతి నాలుగు మాటలకీ చెవి ఒకటి అటు పడేస్తున్నాడు.

"అలా వంగి వడకడుతూండగా ఏమైందో తెలుసా? చంకలో పెట్టుకున్న కార్డు జారింది. తిన్నగా జలపాతంలోకి!"

"తడిసిందా!" దర్జీ లేచి నిలబడ్డాడు. బావ రాసింది సిరా కలంతో. నీళ్ళు తగిలితే అక్షరాలు ఎలా కరిగిపోతాయో, నీలి మరకలు ఎలా దిగుతాయో అతని కళ్ళకి కట్టింది.

"తడవడమా? దాని మీద స్టాంపు అంటించిందెవరు, నేను! నా జిగురు సంగతి నీకు తెలీదు. చుట్టుపక్కల తేమంతా లాగేస్తుంది. కార్డు తడవలేదు సరికదా, ఆ పూటకి జలపాతమే పొడిబారింది. కింద ఊళ్ళో బట్టలకి సబ్బు పెట్టుకున్నవాళ్ళు పెట్టుకున్నట్టే నిలబడిపోయారు. కూర్చో నువ్వు. ఇక కార్డు కిందికి పోయిందా? పోలేదు. చేపపిల్లలా నీటికెదురు ఈది పైకెక్కింది. ముద్ర పడకుండా కార్డు ఊరు దాటకూడదు, అది పోస్టల్ రూలు. రూలు తెలిసిన కార్డు!"

"ఈత కూడా నువ్వే నేర్పావా?" అన్నాడు గడియారాలాయన.

"నేర్పాలా? వెళ్ళేముందు మూడు పూటలు నా బల్ల మీద ఉంది. చాలదూ? పైకెక్కేసరికి ఒక గద్ద చూసింది. మామూలు గద్ద కాదు, మనలాగే స్టాంపుల పిచ్చిది. దాని గూట్లో పుల్లా పుడకా ఉండదు, అన్నీ స్టాంపులే, దేశానికొక వరస. గుడ్ల కింద దీవుల స్టాంపులు, పిల్లల కింద మంచుకొండలవి. కార్డు ఎత్తుకుపోయింది. పోస్టుమాస్టరు గోలపెడుతూ నాకు తంతి కొట్టాడు. నేను తిరుగు టపాలో గద్దకే రాశాను, 'అమ్మా, నీ దగ్గర లేని లైట్‌హౌసు స్టాంపులు రెండు పంపుతున్నాను, మా దర్జీ కార్డు మాకిచ్చెయ్, మార్పిడికి మార్పిడి' అని."

"గద్దకి చిరునామా ఏమని రాశావ్?" అంది పిన్ని.

"కేరాఫ్ కొండ," అన్నాడు బాబాయి.

అప్పుడే మలుపులో సైకిలు గంట మోగింది.

దర్జీ వీధి మధ్యకి వెళ్ళిపోయాడు. పోస్టుమాన్ సైకిలు దిగలేదు. ఒక కాలు నేలకానించి, భుజం మీది సంచీ తెరిచి చూపించి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఇక ఇవాళ్టికి టపా లేదు.

దర్జీ వెనక్కొచ్చేటప్పుడు చూశాడు. బాబాయి గ్లాసు బల్ల మీద పెట్టబోతుంటే అది టకటకమని చప్పుడు చేసింది. దాంతో దర్జీకి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. ఈ మనిషి కోతలు కోసి ఆట పట్టిస్తున్నాడనుకుంటే కోపమైనా వచ్చేది. ఆయనకే తెలీదు కార్డు ఎక్కడుందో. ఆయనకే భయంగా ఉంది. ఇంక అడిగేదెవర్ని?

"బాబాయ్," అన్నాడు, మెల్లగా. "నిజం చెప్పు. అసలు పోస్టు చేశావా?"

"ఈ చేత్తో వేశానురా. డబ్బా నోట్లో మోచేతి దాకా పెట్టి, అడుక్కి తగిలిందాకా వదల్లేదు." అది మాత్రం బాబాయి మామూలు గొంతుతో చెప్పాడు. వెంటనే మళ్ళీ అందుకున్నాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త తొందరగా. "వేశాను కాబట్టేగా రాజుగారి దాకా వెళ్ళింది!"

"ఏ రాజుగారు?" అంది పిన్ని.

"గద్ద ఇచ్చేసిందమ్మా కార్డు, మంచి మర్యాదస్థురాలు. కానీ పోస్టుమాస్టరు సంతోషం పట్టలేక 'వచ్చిందహో!' అని కేకేశాడు. ఆ కేకకి ముద్ర పడిందా, పడిన ఊపుకి కార్డు లేచి, కొండలు దాటి, సముద్రం దాటి, ఒక రాజుగారు మేడ మీద పళ్ళు తోముకుంటుంటే ఆయన ఒళ్ళో పడింది. ఆయనకి ప్రపంచంలో చూడదగ్గ చోట్ల కార్డులన్నీ ఉన్నాయి, ఏనుగు పట్టేంత ఆల్బము, పేజీ తిప్పడానికి సిపాయిలు. ఇదొక్కటే లేదు. చూసి ఏడ్చాడు. బ్రష్షు నోట్లో ఉండగానే ఏడ్చాడు. అర్ధరాజ్యం ఇస్తానన్నాడు నాకు."

"తీసుకోకపోయావా, మాకూ తలో వీధి ఇద్దువు గాని," అన్నాడు గడియారాలాయన.

"ఛ! 'అయ్యా, అది మా దర్జీ వాళ్ళక్కది, వెనకాల ఆవిడ భర్త రాత ఉంది, నీ రాజ్యమంతా ఇచ్చినా కుదరదు' అని కడిగేశాను. దెబ్బకి కిరీటం తీసి పక్కన పెట్టాడు. పెట్టి, 'సరే, పంపేస్తాను, కానీ నా సొంత బంగారు ముద్ర ఒకటి వేసి పంపుతాను' అన్నాడు. వేశాడు కూడా. ఇప్పుడది బంగారు చట్రంలో, ఆయన సొంత విమానంలో బయల్దేరింది. సైన్యమంతా వందనం చేసి సాగనంపింది. గాలి అనుకూలిస్తే ఇదిగో, సాయంత్రానికి మన బస్టాండులోనే దిగుతుంది!"

దర్జీ రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అక్క పటం వైపు చూస్తుంది. కొంగు చేత్తో పట్టుకుని, పటం వైపు వెళుతుంది. అప్పుడు తనేమని చెప్పాలి? గద్దా? రాజుగారా? ఆ ఖాళీ పటం ముందు ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోవడం తప్ప ఇంకేమీ కనపడటం లేదతనికి. అందుకే, పొయ్యి దగ్గర పిన్ని ఉన్నట్టుండి టీని గ్లాసులో కాక బల్ల మీద పోసెయ్యడం కూడా చూడలేదు.

"ఆ బంగారు ముద్ర ఎక్కడ వేశారు అన్నయ్యగారూ?" అని వెనక నుంచి ఒక ఆడగొంతు అడిగింది.

"ఎక్కడేమిటమ్మా, చిరునామా పక్కనే! కిరీటం బొమ్మతో, అరచెయ్యంత!" అన్నాడు బాబాయి, తిరగనైనా తిరక్కుండా.

"ఇక్కడ జలపాతం ముద్ర ఒక్కటే కనపడుతోందే."

బాబాయి తిరిగాడు. దర్జీ తలెత్తాడు. అక్క నిలబడి ఉంది, ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో కార్డు.

"అక్కా! సాయంత్రం కదా... నీ దగ్గరికి... ఎలా..."

"ముందు బస్సు దొరికింది. కొట్టు మూసుంటే ఇటొచ్చాను," అంది అక్క. "ఇదా? ఎలాగేమిట్రా, పోస్టుమాన్ తలుపులోంచి వేసిపోయాడు. కార్డు మీద ఎవరి పేరుంటే వాళ్ళకేగా ఇస్తారు."

అప్పుడు వెలిగింది దర్జీకి. బావ ఆ కార్డు వేసింది అక్క అత్తవారింటికి. ఇప్పుడా ఇంట్లో అక్క కూతురు ఉంటోంది. జలపాతం ఊరి పోస్టుమాస్టరు కవరు విప్పాడు, బొమ్మ ముద్ర వేశాడు, కవరూ ఉత్తరమూ పక్కన పడేసి, కార్డు మీద చిరునామా ఉండనే ఉంది కదా అని అలాగే సంచీలో వేసేశాడు. బాబాయి ముద్ర చూశాడు, తను బొమ్మ చూశాడు, ఆ పక్కనే ఉన్న చిరునామా సంగతి ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

"అయ్యో బాబాయ్," అన్నాడు గడియారాలాయన, "ఆ విమానానికి కబురు పెట్టు, గాల్లోనే వెనక్కి తిరగమను! సైన్యం ఇంకా వందనం చేస్తూనే ఉందేమో, చేతులు దించమనవయ్యా పాపం!"

పిన్ని పకపకా నవ్వింది. అంతలోనే ఆపేసింది. అక్క నవ్వడం లేదు.

బాబాయి లేచాడు. చెయ్యి చాపి కార్డు అందుకుని, ముద్ర వైపు వంగి చూశాడు. కొండ, రెండు చెట్లు, మూడు గీతల్లో నీళ్ళు. ఎక్కడా సిరా అలుక్కుపోలేదు. "ఎంత శుభ్రంగా పడిందో," అన్నాడు, తనలో తను.

"అమ్మాయి ఆఫీసుకెళ్ళింది, నేను కాయగూరలు తరుగుతున్నాను," అంది అక్క, బల్ల మీద కూర్చుంటూ. "తలుపు సందులోంచి ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్ళి చూస్తే కార్డు. పైకి నా పేరు. ఆయన రాత. ముద్ర మీద తేదీ మాత్రం ఈ నెలది."

"అక్కా, తప్పయిపోయింది," అన్నాడు దర్జీ. "నువ్వు భయపడి ఉంటావు."

"కత్తిపీట దగ్గరికి మళ్ళీ వెళ్ళలేకపోయాను. గోడ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అందులో ఏముందో నేను చదవక్కర్లేదు కదా. 'శుక్రవారం ఆఖరి బస్సుకి వస్తున్నాను, తలుపు గడియ పెట్టుకోకు' అని. అంతేగా." అక్క సంచీ ఒళ్ళోకి తీసుకుంది. "నాకేం మతి పోలేదురా. ఆయన లేడని నాకు తెలీదా? కాస్త తేరుకున్నాక పక్కనున్న కొత్త స్టాంపు చూశాను, ఇది మీ ఇద్దరి వేషమేనని అర్థమైంది. తిడదామని ఫోను చేతిలోకి కూడా తీసుకున్నాను. కానీ శుక్రవారం ఇంకా రాలేదు."

గిన్నెలో టీ పొంగి పొయ్యి మీద చిమ్మింది. పిన్ని చూసుకోలేదు.

"శుక్రవారం రాత్రి అమ్మాయి గడియ వేస్తుంటే, ఆ ఒక్క రాత్రికి వద్దన్నాను. ఆఖరి బస్సు వెళ్ళిన చప్పుడు విన్నాను. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? కానీ ఒరేయ్, మనిషి కోసం ఎదురు చూడ్డం ఎలా ఉంటుందో మర్చేపోయాను."

ఆవిడ బాబాయి వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ఇంకో స్టాంపు పట్టే చోటుందా దాని మీద?"

బాబాయి కార్డుని వెలుతురుకి తిప్పాడు. గడియారాలాయన అడక్కుండానే భూతద్దం తీసి ఇచ్చాడు. బాబాయి దాన్ని కంటికి పెట్టుకుని మూల నుంచి మూలకి చాలాసేపు చూశాడు, బావ రాతకి తగలకుండా గోటితో కొలిచాడు.

"ఒకటి పడుతుంది చెల్లెమ్మా," అన్నాడు. "ఒక్కటే."

"అయితే మళ్ళీ జలపాతానికే పంపండి. చిరునామా జోలికి పోకండి."

"వద్దక్కా!" దర్జీ గొంతు కీచుమంది. "దొరికింది చాలు. ఈసారి నిజంగానే పోతే? ఎప్పటికీ రాకపోతే?"

అక్క సంచీ మూతి ముడివేసుకుంది.

"దారిలో ఉందనుకుంటాను," అంది.